ప్రాణం తీసేసిన పాఠం

హఠయోగ ప్రదీపికలో అధ్యాయాలు నాలుగు. ఆసనాలకు దక్కింది ఒక్కటే. అందులోనూ గ్రంథకర్త స్వాత్మారాముడు వర్ణించినవి 15 మాత్రమే. మిగతా మూడూ ప్రాణాయామం, ముద్రా బంధాలు, సమాధికి సంబంధించినవి. శిక్షకులను తయారుచేసే తరగతుల్లో ఇప్పుడు ఈ లెక్క తలకిందులైంది. వారాల తరబడి ఆసనాలు, చివర్లో కాసింత ఊపిరి, ఆపైన సర్టిఫికెట్. 2025 జూన్ 21న, యోగా దినోత్సవాన, విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షలకు పైగా జనం ఆసనాలు వేస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. తలలు లెక్కపెట్టినవారున్నారు గానీ, ఊపిరిని గమనించినవారెవరు?

ప్రాణ విద్యకు క్రమముంది. నాడీశోధనలో బొటనవేలు కుడి ముక్కును, ఉంగరపువేలు ఎడమ ముక్కును మూస్తాయి. మొదట పీల్చడం, వదలడం సమానం. అది కుదిరాక వదిలే కాలం రెట్టింపు. ఊపిరి బిగపట్టే కుంభకం ఆ తర్వాతే. పీల్చడం, బిగపట్టడం, వదలడం 1:4:2గా ఉండాలన్నది చాలాకాలం సాధన చేసినవారి మాట. శిక్షకుడు చూడవలసింది అంకెల్ని కాదు. పీల్చేటప్పుడు భుజాలు లేచినా, వదిలేటప్పుడు ఊపిరి ఒక్కసారిగా జారిపోయినా లెక్క ఎక్కువైనట్టే. ఇది తాను సాధన చేసినవాడి కంటికే కనిపిస్తుంది.

కనిపించకపోతే ఏమవుతుంది? కొలిమితిత్తిలా ఊపిరాడించే భస్త్రిక జోరుగా సాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడులోని రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాన్ని కుండలిని కదలిక అని మురిసిపోయే శిక్షకుడు ప్రమాదకారి. జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో నైట్ డ్యూటీ దిగి, నిద్ర లేకుండా క్లాసుకొచ్చే బీపీ మనిషిని అతను ఏం చేస్తాడు? తుమ్మెదలా ఝుంకరిస్తూ ఊపిరి వదిలే భ్రామరితో సరిపెట్టాలని తెలియాలి కదా. హెర్నియా, మూర్ఛ ఉన్నవారికీ, గర్భిణులకూ భస్త్రిక, కపాలభాతి పనికిరావు.

నాడులూ చక్రాలూ శరీరం కోస్తే కనిపించవన్న ఆక్షేపణ నిజమే, అవి ధ్యాస నిలిపే చోట్లని చెబితే చాలు.

ఇక చక్రాలను అమ్ముకునేవారి సంగతి. గోడల మీది పోస్టర్లలో మణిపూరం పసుపుపచ్చ. 1577లో పూర్ణానందుడు రాసిన షట్చక్ర నిరూపణంలో దాని దళాలు వానమబ్బు రంగు. ఇంద్రధనుస్సు వరస ఇటీవలి అలంకారమే. మూలం తెరవకుండా శని, ఆదివారాల్లో చక్రశుద్ధి నేర్పడం విద్య కాదు, బేరం.

జంషెడ్‌పూర్ వారు నేర్చుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. స్వామి సత్యానంద ముంగేర్‌లో బిహార్ యోగ విద్యాలయాన్ని స్థాపించారు. ఆసనం, ప్రాణాయామం, ముద్ర, బంధం ఒకే వరసలో చెప్పే పాఠ్యపుస్తకం అక్కడిదే. యోగ గురువు యోగానంద తన పాఠశాలను 1918లో రాంచీకి తెచ్చారు. ఆసనాల పోటీల్లో పతకాలు లెక్కబెట్టే సంఘాలు ఈ రెండు ఊళ్లవైపు తొంగిచూడవు.

శిక్షకుల పరీక్షలో కనీసం మూడు అంశాలు ఉండాలి: అభ్యర్థి నాడీశోధన చేస్తుండగా పరీక్షకుడు పక్కన కూర్చుని గమనించడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించే జాలంధర బంధం ఎప్పుడు వేయాలో, ఎప్పుడు విప్పాలో చేయించి చూడడం, ఎవరికి ఏది నేర్పకూడదో నోటితో చెప్పించడం.