కుంచె పట్టండి, కిటికీ తెరవండి

పదవీ విరమణ చేసినవారు వైద్యుణ్ని మధుమేహం గురించి అడుగుతారు, రక్తపోటు గురించి అడుగుతారు, మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతారు. మిగిలిన పొద్దును దేనితో నింపుకోవాలో అడిగేవారు తక్కువ. అడగకపోయినా నా అభిప్రాయం చెబుతాను. కాస్త మందపాటి కాగితం, ఒక కుంచె, నాలుగు రంగులు తెచ్చుకోండి. బొమ్మలు వేయడం రాదన్నది అడ్డంకి కానేకాదు. అయితే ఆ రంగుల వెంట మన ఇంట్లోకి, ఒంట్లోకి ఏమేమి వస్తున్నాయో తెలుసుకొని మరీ తెచ్చుకోండి.

మా చిలకలగూడ వంటి పేటలో బొమ్మకు వస్తువు కొరవడదు. తెల్లవారుజామున వాకిళ్లలో తడి ఆరని ముగ్గులు, సికింద్రాబాద్ స్టేషన్ వైపు సామాన్లతో పరుగులు తీసే ప్రయాణికులు, తోపుడు బండి మీద గుట్టగా పోసిన సీతాఫలాలు, ఆషాఢంలో పసుపు కుంకుమలతో మెరిసే బోనాల కుండలు. చిత్రకళను వృత్తిగా చేసుకున్నవారికి గిరాకీ చింత ఉంటుంది. సరదాగా వేసేవారికి అది లేదు. అందుకే వారు ధైర్యంగా ప్రయోగాలు చేస్తారు. పాత చీర ముక్కలు అతికిస్తారు, కాఫీ డికాక్షన్‌తో నీడలు దిద్దుతారు, రంపపు పొట్టును జిగురుతో కలిపి గోడల గరుకుదనం తెస్తారు, ఈమధ్య రెజిన్ పోసి గడియారాలూ పళ్లేలూ చేస్తున్నారు. ఈ ఉత్సాహాన్ని ఇంట్లోవారు 'పనిలేని పని' అని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

ఆలస్యంగా మొదలుపెట్టినవారు

రవీంద్రనాథ్ టాగోర్ చిత్రకళను గాఢంగా చేపట్టింది అరవై దాటాక. రాతప్రతుల్లో కొట్టివేతలను గీతలతో కలుపుతూ ఆకారాలు తీయడంతో ఆ పని మొదలైంది. తర్వాత రంగు సిరాలు వాడారు, గుడ్డపేలికలతోనూ వేళ్లతోనూ రంగు పులిమారు. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన జరిగేనాటికి వయసు 69 ఏళ్లు. వేసినవి 2000కు పైగా బొమ్మలు. మన తెలుగునాట సంజీవదేవ్ (1914–1999) తుమ్మపూడి పల్లెలో ఉంటూ రచనతో పాటు ప్రకృతి దృశ్యాల చిత్రణనూ సాగించారు.

వైద్యుడిగా నన్ను మరింత ఆకర్షించేవి మరో రెండు ఉదాహరణలు. అమెరికాలో 'గ్రాండ్‌మా మోజెస్'గా పేరుపొందిన రైతు గృహిణికి కీళ్లవాతం వల్ల సూది పట్టడం కష్టమైంది. కుట్టుపని వదిలి, డెబ్బై దాటిన వయసులో కుంచె పట్టింది. 101 ఏళ్లు జీవించింది. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ ఔత్సాహికుడు కాడు, మహాకళాకారుడు. 1941లో పేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగాక నిలబడి చిత్రాలు వేయడం ఆయనకు భారమైంది. అప్పుడు రంగు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరించి అతికించే పద్ధతిని తన ప్రధాన మాధ్యమంగా చేసుకున్నాడు. శరీరం ఒక దారి మూసినప్పుడు కొత్త వస్తువు మరో దారి తెరిచింది. ప్రయోగం యువకుల సొత్తు అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మేలు ఎంత?

కళ సర్వరోగనివారిణి అని నేను చెప్పను. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, వ్యాధుల నివారణలోనూ చికిత్సకు తోడుగానూ కళలకు పాత్ర ఉందని తేల్చింది. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం 39 మంది చేత 45 నిమిషాలు బొమ్మలు వేయించి, మట్టితో, అతుకుడు కాగితాలతో పని చేయించి, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ హార్మోన్‌ను కొలిచింది. ఒత్తిడికి సూచిక అయిన ఆ హార్మోన్ దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. చిత్రకళలో అనుభవం ఉన్నవారికీ లేనివారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇది చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి బొమ్మలు వేయని మరో బృందం లేదు. కాబట్టి దీన్నిబట్టి బీపీ మాత్ర మానేయకండి. బొమ్మ బాగా రాలేదని దిగులు పడటం కూడా మానేయండి.

మరో లాభం ఉంది. రంగులతో పనిచేసేవారు తమ చూపులోని మార్పును త్వరగా గమనించగలరు. కంటిలో శుక్లం ముదిరే కొద్దీ లోకం పసుపుగా, గోధుమగా మారుతుంది, నీలం వెలవెలబోతుంది. క్లోద్ మోనే అనే చిత్రకారుడికి 1912లోనే శుక్లాలు ఉన్నట్టు తేలినా, 1923 వరకు శస్త్రచికిత్స చేయించుకోలేదు. ఆ మధ్యకాలపు చిత్రాల్లో ఎరుపు, గోధుమ రంగులు కమ్ముకోవడం నేటికీ నేత్రవైద్యులు చర్చించే అంశం. మీ బొమ్మలో నీలం ఎక్కువైందని మనవరాలు అంటే, కుంచెను నిందించే ముందు కళ్లు చూపించుకోండి.

మూడు ద్వారాలు

ఇక రెండో మాట. ఏ పదార్థమైనా శరీరంలోకి ప్రవేశించడానికి ముఖ్యంగా మూడు ద్వారాలున్నాయి: ముక్కు, నోరు, చర్మం. చిత్రలేఖనం మూడింటినీ తెరుస్తుంది.

ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లో వృత్తి వ్యాధులపై వెలువరించిన గ్రంథంలో చిత్రకారులకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. వారి పాలిపోయిన ముఖాలకూ అనారోగ్యానికీ వారు వాడే ఖనిజ వర్ణాలే కారణమని ఊహించాడు. కుంచె మొనను పెదవులతో సన్నబరిచే అలవాటు ఎంత చేటు తెచ్చిందో గత శతాబ్దపు అమెరికా చూసింది. చీకట్లో మెరిసే గడియారాల ముఖాలకు రేడియం రంగు వేసిన యువతులు కుంచెను నోట పెట్టుకొని, దవడ ఎముకలు కుళ్లి, కొందరు ప్రాణాలు కోల్పోయారు. నేటి రంగుల్లో రేడియం లేదు. నోట కుంచె పెట్టుకునే అలవాటు మాత్రం ఉంది.

"మన పూర్వులు వాడినవన్నీ సహజ వర్ణాలు, వాటితో ప్రమాదమేముంది?" అని కొందరు వాదిస్తారు. సహజమైనదంతా నిరపాయం కాదు. ఇంగిలీకం పాదరసపు సమ్మేళనం, హరిదళం ఆర్సెనిక్ సమ్మేళనం, సిందూరం, సఫేదా సీసపు సమ్మేళనాలు. ఇంగిలీకం నీటిలో సులభంగా కరగదు కానీ వేడి చేస్తే పాదరసపు ఆవిరి వదులుతుంది. ఇవన్నీ పొడిగా నూరినప్పుడు మరింత ప్రమాదకరం. చివరకు వంటింటి పసుపును కూడా గుడ్డిగా నమ్మలేం. బంగ్లాదేశ్‌లో మెరుపు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో వెల్లడించారు.

అయినా సంప్రదాయం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి బొమ్మకు సిద్ధం చేస్తారు. రంపపు పొట్టును చింతగింజల ముద్దతో కలిపి బొమ్మలు, మాస్కులు చేస్తారు. కొత్త వస్తువులతో ప్రయోగం చేయాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం ఏముంది? పసుపులో కాస్త సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అదీ రసాయన ప్రయోగమే. ఇటువంటి రంగులు ఎండకు వెలిసిపోతాయి, గంజి పూతలకు వానకాలంలో బూజు పడుతుంది. ఆరబెట్టుకొని, అద్దం వేసి, నేరుగా ఎండ తగలని గోడకు పెట్టుకోండి.

ఇరుకు ఇల్లు, కొత్త డబ్బాలు

నా ఆందోళన అంతా ఇక్కడే. పెద్ద దేశాల చిత్రకారులకు విడిగా స్టూడియోలు ఉంటాయి. మన పేటల్లో రెండు గదుల ఫ్లాటులో పడకగది మూలే స్టూడియో. అదే గదిలో మనవడు పడుకుంటాడు.

ఎపాక్సీ రెజిన్‌నే తీసుకోండి. అది, దాన్ని గట్టిపరిచే ద్రవం, పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ పుట్టిస్తాయి. ఒకసారి పుట్టిన ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆపై చుక్క తగిలినా దద్దుర్లు, దురద. ఎం-సీల్ వంటి ఎపాక్సీ ముద్దలకూ ఇదే జాగ్రత్త కావాలి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. పెద్ద ముద్దలో ఆ వేడి 60 డిగ్రీల సెల్సియస్ వరకు చేరవచ్చు. చేతి అచ్చు తీద్దామని అందులో చేయి ముంచకండి, పిల్లల చేతులు అసలే ముంచనివ్వకండి. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోగలవు. వాటిని విడదీసి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టాలి.

అన్నిటికంటే భయపెట్టేది పాత తలుపు. పాత తలుపు చెక్కలు, కిటికీ రెక్కలు గరుకు కాగితంతో గీకి వాటిపై బొమ్మలు వేయడం ఇప్పుడొక ముచ్చట. గృహ, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న కేంద్ర నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగు పొరల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. గీకినప్పుడు ఆ ధూళి నేల మీద పడుతుంది, నేల మీద పాకే పిల్లవాడి చేతికి, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. పిల్లల మెదడు విషయంలో సీసానికి 'ఇంతవరకు పరవాలేదు' అనదగిన మోతాదు లేదు. తాతగారి ముచ్చటకు మనవడు మూల్యం చెల్లించకూడదు.

పాటించదగినవి

1. మందుచీటీ చదివినట్టు రంగు గొట్టం చదవండి. పీడబ్ల్యూ 1 అంటే సీసపు తెలుపు, పీడబ్ల్యూ 6 టైటానియం తెలుపు. పీవై 34 లెడ్ క్రోమేట్, పీఆర్ 108 క్యాడ్మియం ఎరుపు. పేరు చివర 'హ్యూ' అని ఉంటే సాధారణంగా అది ఆ లోహం లేకుండా ఆ వర్ణాన్ని అనుకరించిన రంగు.

2. విదేశీ రంగులపై 'ఏపీ' ముద్ర కనిపిస్తే అది ఆంధ్రప్రదేశ్ కాదు, 'అప్రూవ్డ్ ప్రోడక్ట్'. నిపుణులు పరీక్షించి హానికరం కాదన్న ముద్ర అది. 'సీఎల్' అని ఉంటే హెచ్చరికలు పాటించవలసిన రంగు.

3. కిటికీలు ఎదురెదురుగా తెరిచి పనిచేయండి. స్ప్రేలు, రెజిన్, టర్పెంటైన్ మేడ మీదో వరండాలోనో వాడండి. వాసన లేకపోవడం ఆవిరి లేకపోవడానికి రుజువు కాదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఎన్95 ధూళిని ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదు.

4. రెజిన్‌కు నైట్రైల్ చేతితొడుగులు వాడండి. చర్మానికి అంటిన రంగును టర్పెంటైన్‌తో కాక సబ్బుతో కడగండి.

5. పొడి పాస్టెల్ ధూళిని నోటితో ఊదకండి. బయట తట్టి, తడిగుడ్డతో తుడవండి. పొడి చీపురుతో ఊడ్చకండి.

6. టీ కప్పు, రంగు కప్పు పక్కపక్కన పెట్టకండి. వంటింటి గిన్నెలు రంగులకు వాడితే మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.

7. ఉబ్బసం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్నవారు, ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉన్నవారు నీటిరంగులు, పెన్సిళ్లు, కాగితపు అతుకుల పనికి పరిమితం కావడం మేలు. మతీస్‌కు కత్తెర చాలింది.

అడగవలసిన ఒక ప్రశ్న

రోగిని వైద్యుడు అడిగే ప్రశ్నలకు రమజ్జీని ఒకటి చేర్చాడు: "మీ వృత్తి ఏమిటి?" మూడు శతాబ్దాల తర్వాత నేను మరొకటి చేర్చమంటాను: "తీరిక వేళల్లో ఏం చేస్తారు?" డెబ్బై ఏళ్ల మనిషి దగ్గుతో, తలనొప్పితో, చేతుల మీద మానని దద్దుర్లతో వస్తే, 'రిటైర్డ్' అని రాసుకొని ముందుకు పోవడం సరిపోదు. ఆ మనిషి నెల రోజులుగా పడకగదిలో రెజిన్ కలుపుతూ ఉండవచ్చు. వైద్యుడు అడగకపోతే మీరే చెప్పండి. కుదిరితే ఆ డబ్బా వెంట తీసుకువెళ్లండి.

రంగులు తయారుచేసేవారు, అమ్మేవారు వాటిలో ఏముందో కొనేవారి భాషలో, చదవగలిగిన అక్షరాల్లో ముద్రించాలన్నది నా గట్టి అభిప్రాయం. చేతిలో భూతద్దం పెట్టుకున్నా చదవలేని ఆంగ్లంలో హెచ్చరిక ఉంటే, అది తయారీదారుకు రక్షణ తప్ప వాడకందారుకు కాదు.

ఇంట్లోవారికి ఒక మనవి. పెద్దవారి రంగుల డబ్బాను మంచం కిందికి తోయకండి. వారికి గాలి వచ్చే కిటికీ పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ ఇవ్వండి. ఆ కిటికీలోంచి వీధి కనిపిస్తే మరీ మంచిది. రెజిన్ డబ్బా కొననక్కరలేకుండానే రోజుకో కొత్త బొమ్మకు కావలసిన సరుకు ఆ వీధిలోనే దొరుకుతుంది.