సంతకం లేని రసాలు

మొన్న మే నెలలో హైదరాబాదులో మా వీధి చివర బండి మీద "నూజివీడు చిన్నరసాలు సార్" అంటే డజను కొన్నాను. పైన నిగనిగలాడే పసుపు, లోపల పులుపు. ముచ్చిక దగ్గర రాయిలా గట్టి. కార్బైడ్ వ్యవహారమేనని నా అనుమానం. దాంతో కాయలు మాగేయడం నిషేధమని తెలియనివాళ్లెవరు?

నూజివీడు దగ్గర మా బాబాయికి నాలుగెకరాల తోట ఉంది. ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటే నవ్వాడు. "అవి నా తోటవే అయినా నేను చెప్పలేనురా. పూతప్పుడే గుత్తకిచ్చేశాగా!"

అసలు కథంతా ఆ గుత్తలోనే ఉంది. రైతు పూత చూసి తోట ఇచ్చేస్తాడు. మందులు కొట్టేది గుత్తదారు. రేటు బాగుందంటే లేతకాయ కూడా కోసేస్తాడు. మాగబెట్టేది ఇంకొకడు, అమ్మేది మరొకడు. మా భాషలో చెప్పాలంటే, ఈ కోడ్ ఎవరు రాశారో తెలియని ప్రాజెక్టు అన్నమాట. బగ్ ఎవరిమీదా పడదు.

ఇప్పుడు కాస్త ఫ్రాన్సు వెళ్దాం. లువార్ నది ఒడ్డున సావెన్నియేర్‌లో కూలే ద సెరాన్ అనే ద్రాక్షతోట ఉంది. సుమారు 7 హెక్టార్లు, అంటే మన లెక్కలో 17 ఎకరాలు. 12వ శతాబ్దంలో సన్యాసులు నాటిన తోట. షెనాఁ ద్రాక్షతో చేసే వైట్ వైన్‌కి ప్రసిద్ధి. నికొలా జోలీ అనే ఆయన బ్యాంకు ఉద్యోగం వదిలి ఈ తోటకొచ్చాడు. సలహాదారుల మాట విని కలుపుమందులు కొడితే రెండేళ్లలో నేల రంగే మారిందని, పురుగూ పుట్రా మాయమయ్యాయని ఆయనే చెబుతాడు. దాంతో 1980లలో తోటంతా బయోడైనమిక్ పద్ధతికి మార్చేశాడు. ఆవు కొమ్ములో పేడ కూరి పాతిపెట్టడం, నక్షత్రాలు చూసి పనిచేయడం లాంటివి నాకు ఎక్కవు. కానీ సీసా మీద ఊరి పేరుతో పాటు ఆయన పేరు కూడా ఉంటుంది. బాగోకపోతే తిట్టడానికి ఒక మనిషి ఉన్నాడు. నాకు నచ్చింది అదే.

"మనకీ జీఐ ఉందిగా" అంటారేమో. బనగానపల్లె మామిడికి 2017లో వచ్చింది, సంతోషం. కానీ అది ఊరి పేరుని కాపాడుతుందే గానీ, కాయ ఎప్పుడు కోశారో, ఎలా మాగిందో చెప్పదు. ఫ్రాన్సులోనూ అంతే. ప్రాంతం ముద్ర సర్కారు ఇస్తుంది, మందుల్లేకుండా పండించడం రైతు ఇష్టం.

రసం నాలుగు రోజుల పండు. బంగినపల్లిలా దూరాలు పోదు. అందుకే దానికి ఊరూ పేరూ ఇంకా ఎక్కువ అవసరం. పెట్టె మీద తోట పేరు, కోసిన తేదీ, గడ్డిలో మాగిందా, ఇథిలీన్ గదిలోనా (అది నిర్ణీత మోతాదులో చట్టబద్ధమే) అని రాస్తే చాలు. ఖర్చు పెరుగుతుంది నిజమే. వీకెండ్ పిజ్జాకి లెక్కచూడని మనం, తొక్క మీద రెండు మచ్చలున్న రసానికి పది రూపాయలు ఎక్కువివ్వలేమా?

బాబాయి ఈమధ్య చెట్లు కొట్టేసి పామాయిల్ వేద్దామంటున్నాడు. వద్దనడానికి నా దగ్గర కారణం ఒక్కటే ఉంది: "ఈసారి గుత్తకివ్వకు, ఇరవై పెట్టెలు నేనే అమ్మిపెడతా." ఆఫీసులో ఇప్పటికి ఏడుగురు సరేనన్నారు.

ఇంకా పదమూడు మిగిలాయి. మీరేమంటారు?