ఆపరేషన్ ఒక్కరికి, పరహేజ్ ఇంటిల్లిపాదికీ

మన ఖాందాన్లలో బరువు తగ్గే ఆపరేషన్ ఇప్పుడు వింత కాదు. షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరాడక లేచి కూర్చోవడం... ఏళ్ళ తరబడి ఈ తక్లీఫులు పడి, చేతనైన ఇలాజ్‌లన్నీ చేసి చివరికి ఈ దారికి వచ్చినవాళ్ళే ఎక్కువ. అయినా "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది" అని తానాలు వేసేవాళ్ళకి కొదవ లేదు. మోటాపా కూడా ఒక మర్జే. గుండెకి స్టెంట్ వేయించుకున్న మామూని ఎవరూ తానా వెయ్యరు, తబియత్ ఎలా ఉందని అడుగుతారు. దీనికి మాత్రం ఆ అదబ్ ఎందుకు లేదు?

నాకు స్లీవ్ ఆపరేషన్ అయి మూడేళ్ళు దాటింది. అప్పటి నుంచి రిష్తేదార్లలో, మహల్లాలో ఎవరికి ఈ ఆపరేషన్ అయినా నాకు ఫోన్ వస్తుంది. ఎక్కువగా ఫోన్ చేసేది ఆపరేషన్ అయినవాళ్ళు కాదు, వాళ్ళ అమ్మీలు, సాస్‌లు, భాభీలు. అందరి సవాళ్ళూ దాదాపు ఒకటే గనక ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాను. మీ డాక్టర్ రాసిచ్చిన కాగితం ముందు, నా మాట తర్వాత.

నా రాయ్ ఏమిటంటే, ఆపరేషన్ సర్జన్ చేతిలో గంటా రెండు గంటల పని. ఆ తర్వాత ఏడాదిన్నర ఆ ఇంటి దస్తర్‌ఖాన్ చేతిలో ఉంటుంది. బరువు బాగా తగ్గేది ఆ రోజుల్లోనే. ఇల్లు సాథ్ ఇస్తే మనిషి కోలుకుంటుంది. ఇవ్వకపోతే లక్షలు పోసినా కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వస్తుంది.

ముందు లోపల ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళకి తెలియాలి. స్లీవ్‌లో మేదాని, అంటే కడుపు సంచిని, ముప్పావు వంతు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత సన్నటి గొట్టం. బైపాస్‌లో పైన చిన్న సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్న పేగుకి కలుపుతారు. పట్టే చోటు తగ్గుతుంది, ఆకలి పుట్టించే హార్మోన్ కూడా తగ్గుతుంది. అందుకే మొదటి నెలల్లో ఆకలే వెయ్యదు. "బిడ్డ ఏం తినట్లేదు, నాలుగు చెంచాలకే చాలంటోంది" అని అమ్మీలు ఏడవాల్సిన పని లేదు. నాలుగు చెంచాలే పడతాయి. దాని కోసమే ఆపరేషన్ చేసింది.

ఇక్కడే మన మెహమాన్ నవాజీ అడ్డం వస్తుంది. ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి ఖాళీ చేతుల్తో వెళ్ళడం మన తహజీబ్‌లో లేదు. ఒకరు టిఫిన్ డబ్బాలో పాయా తెస్తారు, ఇంకొకరు ఖుబానీ కా మీఠా, మరొకరు రెండు లీటర్ల కూల్‌డ్రింక్. "నా చేత్తో ఒక్క నివాలా" అని నోటి దాకా తెస్తారు. మొహబ్బతే, కాదనను. కానీ లోపలి కుట్లు ఇంకా మానలేదు. ఆ ఒక్క నివాలా వాంతి అవుతుంది, నొప్పి తెస్తుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు దువా తీసుకురండి, చాలు. మరీ మనసు ఊరుకోకపోతే ఆ ఇంటి పిల్లలకి ఒక పూట వండి పంపండి.

తిండి ఎలా పెంచాలో ఆస్పత్రిని బట్టి కొంచెం మారుతుంది గానీ వరస ఇదే. మొదటి కొద్ది రోజులు నీళ్ళు, వడకట్టిన యఖ్నీ లాంటి పల్చటివి. రెండు వారాల దాకా పాలు, మజ్జిగ, పప్పుకట్టు, ప్రోటీన్ పొడి కలిపిన ద్రవాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి. ఐదారు వారాలకి ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప, బాగా మెత్తబడిన ఖీమా. రెండు నెలలకి మామూలు తిండి, అదీ చిన్న కటోరీలో. ఒక మెట్టు మీద బాగున్నానని రెండు మెట్లు ఎక్కకూడదు. ఆకలి లేని రోజుల్లో ఇది పెద్ద కష్టం కాదు, పక్కన కూర్చుని జిద్ చేసేవాళ్ళు లేకపోతే.

ఆ కటోరీలో ఏముండాలి? చాలామందికి రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ చెబుతారు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో 6, 7 గ్రాములు, వండిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములైతే 30 దాకా ఉంటుంది. గొట్టమంత కడుపులో ఇది పట్టాలంటే ప్లేటు వరస మార్చాలి. ముందు చికెన్, చేప, గుడ్డు, పప్పు. తర్వాత కూరగాయలు. చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. మన బిర్యానీ ప్లేటు దీనికి పూర్తిగా ఉల్టా, గుట్టంత అన్నం కింద రెండు బోటీలు.

మటన్ బోటీ మొదటి నెలల్లో గొంతు దిగాక అడ్డం పడుతుంది, ఖీమా నయం. మన పెద్దవాళ్ళు తాఖత్ అని నమ్మే పాయా షోర్బాని ప్రోటీన్ లెక్కలో వెయ్యొద్దు. ఎముకల నుంచి దిగే జిలాటిన్ మాంసానికీ గుడ్డుకీ బదులు కాదు. హలీమ్ సంగతి అందరూ అడుగుతారు. గోధుమ, పప్పు, మాంసం కలిసి మెత్తగా ఉంటుంది గనక మంచిదేనని అనుకుంటారు. ఇంట్లో నెయ్యి తగ్గించి వండింది, రెండు మూడు నెలలు దాటాక, చిన్న కటోరీ అయితే మంచిదే. హోటల్ హలీమ్ నెయ్యిలో తేలుతుంది, పైగా సులువుగా జారిపోతుంది గనక కడుపు ఆపమని చెప్పదు.

నీళ్ళది ఇంకో లెక్క. రోజుకి లీటరున్నర తక్కువ కాకూడదు, కానీ గుటకలు గుటకలుగా. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. కడుపుని మూడు వంతులు చేసుకోమన్న హదీస్ జుమా బయాన్లలో ఎన్నిసార్లు విన్నామో. ఆపరేషన్ అయినవాళ్ళకి తిండి వంతూ నీళ్ళ వంతూ ఒకే వేళ కలవకూడదు, అంతే తేడా. పీటల మీద కూర్చుంటూనే గ్లాసు నింపి పెట్టే అలవాటు ఆ ఒక్కరి ముందు మానండి. నివాలా బాగా నమిలి, పూటకి ఇరవై, ముప్పై నిమిషాలు తీసుకోవాలి. "అందరం లేచాం, నీదింకా కాలేదా" అనొద్దు.

చిన్న కడుపుని మోసం చేసేవి తాగేవీ, నోట్లో వేసుకోగానే కరిగేవీ. ఇరానీ చాయ్ రోజుకి నాలుగుసార్లు, దానిలో ఉస్మానియా బిస్కెట్, సాయంత్రం మిక్స్చర్, ఎండల్లో రూహ్ అఫ్జా షర్బత్, ఫాలూదా. రోటీ రెండు ముక్కలకే ఆగే కడుపు వీటికి ఆగదు. ఏడాది తర్వాత బరువు మళ్ళీ పెరిగిన చాలామంది దగ్గర నేను విన్నది ఈ ఖిస్సానే. బైపాస్ అయినవాళ్ళకైతే తీపి తిన్న కాసేపటికే చెమటలు, గుండె దడ, కడుపులో మెలి, విరేచనం వస్తాయి. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. "వలీమాలో డబుల్ కా మీఠా ముట్టలేదు, నఖ్రాలు" అని అనేవాళ్ళకి ఇది తెలియాలి.

విటమిన్లు ఉమర్ అంతా వాడాలి. బలహీనత ఉన్నన్నాళ్ళే అనుకుని ఆరు నెలలకి మానేసేవాళ్ళు చాలామంది. మల్టీవిటమిన్, బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్, ఇవన్నీ డాక్టర్ చెప్పిన మోతాదులో. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. ఐరన్ గోళీ చాయ్‌తో మింగితే ఒంటికి సరిగా పట్టదు. చాలా కాప్సూల్స్ పైపొర జిలాటిన్‌తో ఉంటుంది. హలాలో కాదో అనే షక్‌తో మందే మానేసినవాళ్ళు నాకు తెలుసు. మానకండి, అడగండి. మాత్రలుగా, నమిలేవిగా, సిరప్‌గా, వెజిటేరియన్ కాప్సూల్స్‌గా కూడా దొరుకుతాయి. డాక్టర్‌కి చెబితే మార్చి రాస్తారు. మూడు, ఆరు, పన్నెండు నెలలకీ, తర్వాత ఏడాదికోసారీ రక్త పరీక్షలు చేయించుకోవాలి.

షుగర్ మందులూ ఇన్సులినూ ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే తగ్గించాల్సి వస్తుంది. పాత మోతాదు అలాగే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. తలనొప్పికీ ఒళ్ళు నొప్పులకీ మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి తెచ్చుకోవద్దు, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్ళు. అల్సర్ వస్తుంది. సిగరెట్టుదీ అదే నుక్సాన్. జర్దా, గుట్కా కూడా వదలాల్సిందే.

నమాజ్ గురించి అడుగుతారు. రుకూ, సజ్దాలో కుట్లు లాగుతుంటే కొన్నాళ్ళు కుర్చీలో కూర్చుని ఇషారాతో చదువుకోవచ్చు. స్లీవ్ తర్వాత కొందరికి పులుపు పైకి తన్నుతుంది, వాళ్ళు తిన్న వెంటనే సజ్దాకి వెళ్ళకుండా నమాజ్ అయ్యాకే తింటే హాయి. నడక మాత్రం ఆస్పత్రి నుంచే మొదలు. ఫజర్ తర్వాత మిద్దె మీద తిరిగినా నడకే. నీళ్ళ బిందెలు, గ్యాస్ సిలిండర్లు నెలా నెలన్నర ముట్టుకోవద్దు. ఆ పని ఇంట్లో మొగాళ్ళు చేస్తే సవాబ్ కూడా వస్తుంది.

రమ్జాన్ దగ్గర మన ఇళ్ళల్లో అసలు ఇమ్తెహాన్. మన దగ్గర రోజా పదమూడు, పద్నాలుగు గంటలు. గుటకలుగా లీటరున్నర తాగాల్సిన మనిషి అన్ని గంటలు నీళ్ళు లేకుండా ఉండటం ఖతరా. చాలామంది డాక్టర్లు మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా రోజా వద్దంటారు, కొందరు ఇంకా ఎక్కువ చెబుతారు. సూరా బఖరాలో రోజా ఫర్జ్ అయిన చోటే బీమార్లకి రుఖ్సత్ కూడా ఉంది. కజా ఎప్పుడు, ఫిద్యా ఎవరికి అన్నది మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి, కానీ డాక్టర్ మాట ఆయనకి పూర్తిగా చెప్పి అడగండి. ఇజాజత్ వచ్చాక రోజా ఉండేవాళ్ళు ఇఫ్తార్‌లో పకోడీలూ షర్బత్‌తో కడుపు నింపొద్దు. గుటకలుగా నీళ్ళు, అర ఖజూర్, కాస్త ఆగి ప్రోటీన్. మిగతా నీళ్ళు, మందులు, ఇంకో రెండు చిన్న పూటలు సహర్ లోపు సర్దుకోవాలి. రోజాలో కళ్ళు తిరిగినా, షుగర్ పడిపోయినా విడవాలి. నలుగురిలో "రోజా లేదా?" అని అడగడం మనం మానాలి. ఆ ఒక్క సవాల్‌కి భయపడి ఒళ్ళు పాడుచేసుకుంటున్నారు.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. కొందరు అమ్మాయిలకి రిష్తా కుదరాలని ఆపరేషన్ చేయించి, ఆ సంగతి దాచి పెళ్ళి చేస్తున్నారు. మా రిష్తేదార్లలో ఒక అమ్మాయికి ఆపరేషన్ అయిన ఐదో నెలలో నికాహ్ అయింది. సుస్రాల్‌లో ఎవరికీ చెప్పలేదు. కొత్త దుల్హన్ గనక అందరూ కొసరి కొసరి తినిపించారు, వాంతులు. గోళీలు వేసుకుంటే ఏం మర్జ్ అని అడుగుతారని బట్టల మధ్య దాచింది, తర్వాత మానేసింది. మూడు నెలలకి కడుపుతో ఉంది. ఒంట్లో ఖూన్ లేక ఆస్పత్రిలో సెలైన్ పెట్టినప్పుడు నిజం బయటపడింది. అల్‌హందులిల్లా, తల్లీబిడ్డా బతికారు. కానీ ఆ పిల్ల పడ్డ తక్లీఫ్‌కి జిమ్మేదార్ ఎవరు?

ఆపరేషన్ తర్వాత పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు గర్భం రాకుండా చూసుకోమని డాక్టర్లు చెబుతారు. బరువు తగ్గుతుంటే నెలసరి సర్దుకుని గర్భం త్వరగా నిలిచే అవకాశమూ పెరుగుతుంది. బైపాస్ అయినవాళ్ళకి నోటి గోళీలు సరిగా పనిచెయ్యకపోవచ్చు గనక వేరే తరీఖా అడగాలి. ఇవన్నీ షోహర్‌కి తెలియకుండా ఎలా కుదురుతాయి? చెబితే పోయే రిష్తా ముందే పోనివ్వండి. ఇది ఐబ్ కాదు, ఇలాజ్.

ఇంకొన్ని మాటలు. రెండు మూడు వారాలకే కాటా కదలకుండా ఆగితే భయపడకండి, చాలామందికి అలా ఆగి మళ్ళీ దిగుతుంది. రోజూ తూచొద్దు, వారానికోసారి చాలు. స్లీవ్ తర్వాత సగటున మొత్తం బరువులో పావు వంతు అటూఇటుగా తగ్గుతారు. అందరూ ఒకేలా తగ్గరు, పక్కింటామెతో ముకాబ్లా పెట్టొద్దు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలుతుంది. ప్రోటీనూ ఐరనూ సరిగా ఉంటే మళ్ళీ వస్తుంది. దిల్ ఉదాస్‌గా ఉంటే, అద్దంలో మనిషి కొత్తగా కనిపిస్తే, దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పాలి.

ఇవి మాత్రం తెల్లారే దాకా ఆగకూడనివి: జ్వరం, కూర్చున్నా తగ్గని గుండె దడ, పెరుగుతున్న కడుపు నొప్పి, భుజంలో నొప్పి, ఆయాసం, ఒక కాలు వాచడం, నీళ్ళు కూడా నిలవని వాంతులు, నల్లటి విరేచనం. వాంతులు రోజుల తరబడి సాగితే బీ1 విటమిన్ పడిపోయి నరాలకీ మెదడుకీ దెబ్బ తగులుతుంది. దమ్ చేయించండి, తావీజు మాట మీ ఇష్టం, కానీ ముందు బండి ఆస్పత్రికి తిప్పండి.

ఇంట్లోవాళ్ళకి నా గుజారిష్ ఇంతే. ఆమె కోసం వేరే వంట, మీకోసం రోజూ దమ్ బిర్యానీ, ఇలా రెండు దస్తర్‌ఖాన్‌లు పరచొద్దు. వారంలో ఆరు రోజులు ఆమె తినేదే, మీకు కాస్త ఎక్కువగా, మీరూ తినండి. మీ షుగరూ దిగుతుంది. తినమని జిద్ చెయ్యొద్దు, తిన్నది లెక్కపెట్టొద్దు, వచ్చినవాళ్ళ తానాలకి జవాబు ఆమెతో చెప్పించకుండా మీరే చెప్పండి. జిస్మ్ అల్లా ఇచ్చిన అమానత్ అంటాం. ఒక మనిషి తన అమానత్‌ని కాపాడుకోవడానికి కడుపు కోయించుకునే దాకా వెళ్ళిందంటే, మన వంతుగా ఒక ప్లేటు మార్చుకోలేమా?

అల్లా బీమార్లందరికీ షిఫా ఇవ్వాలి, తీమార్‌దార్లకి సబర్ ఇవ్వాలి. ఆమీన్.