బాకీదారు ఎవరు? హైతీనా, ఫ్రాన్సా?

బానిస తన సంకెళ్లు తెంచుకుంటే ఆ సంకెళ్ల ఖరీదు ఎవరు కట్టాలె? బానిసే కట్టాలన్నది ఫ్రాన్స్. ముక్కుపిండి వసూలు చేసింది కూడా. హైతీ గోస అంతా ఈ ఒక్క ముక్కలనే ఉన్నది.

1789 నాటికి సెయింట్ డొమింగ్ ఫ్రాన్స్‌కు పాడియావు. యూరప్ తినే చక్కెరల దాదాపు 40 శాతం, ప్రపంచ కాఫీల సగానికి పైగా అక్కడిదే. ఆ తీపి వెనుక దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికన్ బానిసల నెత్తురున్నది. అదే ఏడు మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాజీవులేనని పారిస్ చాటింపు వేసింది. చెరుకు తోటల్లోని నల్లవాళ్లు మాత్రం ఆ మనుషుల లెక్కలకు రాలేదు.

1791 ఆగస్టులో ఆ లెక్కను బానిసలే సరిచేసిండ్రు. బుక్‌మన్ ముందు నడిస్తే ఉత్తర మైదానంలోని తోటలు భగ్గుమన్నయి. 1794 ఫిబ్రవరి 4న ఫ్రాన్స్ కన్వెన్షన్ బానిసత్వాన్ని రద్దు చేసింది. అది పారిస్ దయ అంటే మేం ఒప్పుకోం. ఓ దిక్కు తిరుగుబాటు, మరో దిక్కు బ్రిటన్, స్పెయిన్ సైన్యాలు. వలస చేజారుతదన్న భయమే ఆ చట్టం రాయించింది.

భయం తీరంగనే మాట మారింది. 1802లో నెపోలియన్ సైన్యాన్ని దింపిండు. పక్కనున్న గ్వాడెలోప్‌లో బానిసత్వాన్ని మళ్లీ తెచ్చిండు. టూసాన్ లూవెర్చర్‌ను చర్చలకని పిలిచి బంధించి, జూరా కొండల్లోని కోటలో పడేసిండ్రు. 1803 ఏప్రిల్ 7న ఆయన అక్కడే ప్రాణమిడిచిండు. నాయకుడు పోతే పోరు ఆగుతదనుకున్నరు. ఆగలేదు. అదే ఏడు నవంబర్ 18న వెర్టియేర్ దగ్గర డెస్సలీన్ సేన ఫ్రెంచి పటాలాన్ని ఓడగొట్టింది. 1804 జనవరి 1న హైతీ పుట్టింది.

ఓడినోడు ఊకున్నడా? 1825లో యుద్ధనౌకలు తెచ్చి నిలబెట్టి, తోటల యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నడు. ఆ యజమానులు నష్టపోయిన ఆస్తిల మనుషులు కూడా ఉన్నరు! 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించిండ్రు. కట్టడానికి మళ్లీ పారిస్ బ్యాంకుల దగ్గరనే అప్పు. ఆ అప్పుల తోక 1947 దాకా తెగలేదు.

ఇంత గుంజుకున్నంక, వాళ్లకు పాలించుకోవడం చేతకాదని ఎక్కిరించుడు! ఈ మాట మనమూ పడ్డోళ్లమే. వాళ్ల బానిసత్వాన్ని, మన గోసను ఒక్క తూకంల వేయం. కానీ ఎక్కిరించే నాలుక ఒక్కటే.

సొంత పాలకులనూ విడిచిపెట్టం. బాకీకి ఒప్పుకున్న అధ్యక్షుడు బోయరే 1826 చట్టంతో రైతులను మళ్లీ తోటలకు కట్టేయ చూసిండు. జెండా మారితే చాలదు, భూమి మీద పెత్తనం మారాలె.

2003లో అధ్యక్షుడు అరిస్టీడ్ 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగియ్యమని ఫ్రాన్స్‌ను అడిగిండు. 2004 ఫిబ్రవరిలో ఆయన గద్దె దిగి దేశం విడవాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 17న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ చరిత్రకారుల కమిషన్ వేస్తమన్నడు. 2010లో శ్రీకృష్ణ కమిటీని చూసినోళ్లం, కమిటీలంటే ఏందో మనకు ఒకరు చెప్పాల్నా? లెక్కలు ఫ్రాన్స్ ఖజానా దస్తావేజుల్లనే ఉన్నయి. కావలసింది కొత్త నివేదిక కాదు. గుంజుకున్న పైసలు వాపస్ రావాలె.