అప్పు వేరు, ప్రాణభయం వేరు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి వలస కొత్త కాదు. చెన్నై, గుజరాత్ రేవులు, గల్ఫ్ అన్నీ చూసిన ఊళ్లివి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిని, జీడితోటల్ని కూల్చేశాక ఊరు విడవడానికి మరో కారణం తోడైంది. ఇలాంటి చోటికి ఏ ఏజెంటో వచ్చి, “అమెరికా సరిహద్దు దాటి ఆశ్రయం అడుగు, ఏం చెప్పాలో నేను నేర్పిస్తా” అంటే నమ్మేవాళ్లు దొరకకపోరు. అమెరికా తిప్పి పంపితే 2025 ఫిబ్రవరి 5న సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దిగిన 104 మంది భారతీయుల్లో చాలామంది లక్షలు పోసి దొడ్డిదారిన వెళ్లినవారే.

1951 నాటి శరణార్థుల ఒప్పందం గుర్తించే కారణాలు ఐదే: జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం. అమెరికా చట్టమూ వీటినే చూస్తుంది. తుపాను నష్టం, బ్యాంకు అప్పు, ఇంట్లో కిడ్నీ రోగి ఈ జాబితాలో లేవు. అది న్యాయమా అన్నది వేరే చర్చ.

సరిహద్దు దగ్గర ఆశ్రయం అడిగినవారికి జరిగే తొలి వడపోత ఇంటర్వ్యూలో అధికారి ప్రమాణం చేయించి అడుగుతాడు. ఎవరు వేధించారు? ఎందుకు? పోలీసులకు చెప్పావా? విశాఖకో హైదరాబాదుకో వెళ్లి బతకలేవా? నేర్పిన కథ ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే బోర్లాపడుతుంది. తాతల నాటి నుంచీ దేశమంతా తిరిగి పొట్టపోసుకున్న కుటుంబం, దేశంలో తలదాచుకునే చోటే లేదని ఎలా నమ్మిస్తుంది? చెప్పింది రికార్డుకెక్కుతుంది. తర్వాత కోర్టులో మాట మారితే నిజం చెప్పినా నమ్మరు. తెలిసే బూటకపు దరఖాస్తు పెట్టారని తేలితే అమెరికా వలస అవకాశాలు శాశ్వతంగా పోవచ్చు.

నిజంగా ప్రాణభయం ఉన్నవారికి అరువు కథ అక్కర్లేదు. జరిగింది జరిగిన వరసలో చెప్పాలి. తేదీ గుర్తులేకపోతే లేదనే అనాలి. అనువాదకుడికి మన యాస అందకపోతే ఆపి మళ్లీ చెప్పాలి. ఫిర్యాదు నకళ్లు, ఆసుపత్రి కాగితాలు ఉంటే చూపాలి. ఇంటర్వ్యూకు ముందే వకీలుతో మాట్లాడాలి. అల్లిన కథలు పెరిగేకొద్దీ అనుమానంతో నలిగేది వీళ్లే.

బతుకుతెరువుకే వెళ్లేవారు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు చూసుకోవాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. అమెరికా ఆశ్రయం పేరెత్తేవాణ్ని మాత్రం, జీడితోట తాకట్టు పెట్టకముందే ఒకటి అడగండి: ఆ ఐదింటిలో నాది ఏది? వాడు కథ మొదలుపెడితే పైసా ఇవ్వకండి.