క్లబ్బు కర్ర అని తీసిపారేయకండి

పోయిన నెల సమావేశానికి రానివాళ్ళ కోసం ముందు జరిగింది చెప్పి, తర్వాత మా అభిప్రాయం చెబుతాం. పోస్టు పొడుగైంది, తీరిక చూసుకుని చదవండి.

మన కమ్యూనిటీ హాలు వెనక గది ఖాళీగా ఉంది కదా, అందులో చెక్క పని చేసే చిన్న లేత్ మెషీన్ ఒకటి పెడదాం అని మేం నలుగురం అడిగాం. కొటేషన్ 60 వేల చిల్లర వచ్చింది. దేనికి అని అడిగితే, మన కుర్రాడొకడు చేసిన స్నూకర్ కర్రని బల్ల మీద పెట్టి చూపించాం. అక్కడే మాట తిరిగిపోయింది. "క్లబ్బులో పందేలు కాసే కర్రకి సంఘం డబ్బులా?" అని ఒక పెద్దాయన అన్నారు. నలుగురు నవ్వారు. ఆ కుర్రాడు కర్రని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

ఆ రోజు మేం గట్టిగా మాట్లాడలేకపోయాం. ఇప్పుడు మాట్లాడతాం.

ముందు ఆ కర్ర ఏమిటో చెప్పాలి. చాలామంది దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. పొడవు 58 అంగుళాలు. బరువు అర కిలోకి కాస్త ఎక్కువ. కొన దగ్గర చిటికెన వేలంత కూడా ఉండదు, పదిన్నర మిల్లీమీటర్ల లోపే. అక్కడి నుంచి మొదలు వరకూ లావు కొద్దికొద్దిగా పెరుగుతూ రావాలి, ఎక్కడా మిట్టపల్లాలు తగలకూడదు. ఒక కన్ను మూసి చూస్తే తాడు లాగినట్టు ఉండాలి. ద్వారబంధం నిలువుకమ్మి తిన్నగా ఉందో లేదో మనం చూసేది ఇలాగే కదా. తేడా ఏమిటంటే, ద్వారబంధంలో రెండు మిల్లీమీటర్లు పోతే సిమెంటు కప్పేస్తుంది. ఇక్కడ కప్పేవాడు లేడు. బల్ల మీద దొర్లిస్తే వంకర అక్కడికక్కడే బయటపడుతుంది.

మొదటి కర్ర పాడైంది. తప్పు మాదే. డిపోలో కొత్త టేకు తీసుకుని, ఆరిందనుకుని పని మొదలుపెట్టమని మేమే చెప్పాం. ఆషాఢం వానలకి అది అరటికాయలా వంగింది. మన ఊరి గాలి సంగతి తెలిసి కూడా అలా చెప్పాం. ఒకపక్క గౌతమి, ఒకపక్క కోరింగ పాయ, కాస్త దూరంలో సముద్రం. ఇక్కడ వానాకాలంలో తలుపు ఉబ్బని ఇల్లుందా?

రెండోసారి కుర్రాడే దారి వెతుక్కున్నాడు. కనకాలపేటలో పాత పెంకుటిల్లు పడగొడుతుంటే ద్వారబంధం ముక్క అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఇల్లు ఎన్ని వరదలు, ఎన్ని తుపాన్లు చూసిందో. 1986 వరద చూసింది, 1996 నవంబరు తుపాను చూసింది. అంతకాలం ఆరిన చేవ ఇంకెక్కడ దొరుకుతుంది? ఒకప్పుడు మన్యం టేకు తెప్పలు కట్టి గోదావరిలో రాజమండ్రి దాకా దించేవాళ్ళని పెద్దలు చెప్పేవారు. ఆ కాలపు చెక్క ఇప్పుడు ఇళ్ళు పడగొట్టే చోట వంటచెరకు కింద పోతోంది. ఇది వేరే పోస్టు రాయాల్సిన సంగతి.

ముందు భాగానికి టేకు పనికిరాదు. నార తిన్నగా ఉండి, కొంచెం సాగి మళ్ళీ నిలబడే చెక్క కావాలి. ఇంగ్లండువాళ్ళు స్నూకర్ కర్రకి యాష్ వాడతారు, అమెరికావాళ్ళు పూల్ కర్రకి మేపుల్ వాడతారు. మనవాడు కాకినాడలో విరిగిన పాత యాష్ కర్ర 300 రూపాయలకి కొని, పనికొచ్చే భాగం తీసుకున్నాడు. మొదలు దగ్గర నాలుగు వైపులా నల్లచెక్క ముక్కలు కోసి, చిత్రిక పట్టి, ఒక్కొక్కటి అతికించి, ఆరాక మళ్ళీ చిత్రిక పట్టాడు. అలా పడితేనే ఆ బాణం మొనల్లాంటి ఆకారం వస్తుంది. రంగు వేసింది కాదండీ, చెక్కలో చెక్క దిగింది. నాలుగు మొనలూ ఒకే ఎత్తున ఆగాలి. ఒకటి అర మిల్లీమీటరు ఎక్కువ తెగినా పైకి పాకిపోతుంది, మళ్ళీ కిందకి తేలేం.

ఇక పొదిగిన పని. ద్వారబంధం ముక్కలో పాత మేకు కన్నాలు రెండు బయటపడ్డాయి. ఇంకొకరైతే లప్పం పెట్టేవారు. వాడు ఆ రెండు చోట్లా ఇత్తడి చుక్కలు పొదిగి, వాటి చుట్టూ ముత్యపుచిప్పతో నాలుగు చిన్న పులసలు పెట్టాడు. చేపకి మొప్ప దగ్గర సన్నని ఇత్తడి తీగ. చిప్పని కోసేటప్పుడు నీళ్ళు చల్లుతూ కోయాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. కోసిన ఆకారాన్ని చెక్క మీద పెట్టి సూదితో గీత గీసి, ఆ గీతకి లోపలే ఒక మిల్లీమీటరు లోతు తవ్వాలి. సందు మిగిలితే నల్లచెక్క పొడి జిగురులో కలిపి నింపుతారు. మనవాడికి మూడు చేపలు సందు లేకుండా కూర్చున్నాయి, నాలుగోది కూర్చోలేదు. దాన్ని దాచకుండా చూపించాడు. ఆ మాట మాకు నచ్చింది.

పైన లక్క పాలిష్. ప్రపంచమంతా దాన్ని ఫ్రెంచ్ పాలిష్ అంటుంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న ఊళ్ళో మనం మాత్రం స్పిరిట్ పాలిష్ అంటాం. ఫ్రెంచివాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. కర్ర చివర తోలు బిళ్ళ అంటించే పద్ధతి తెచ్చినవాడుగా మింగో అనే ఫ్రెంచ్ సైనికాధికారి పేరు చెబుతారు. జైల్లో ఉండగా బిలియర్డ్స్ ఆడుతూ కనిపెట్టాడట. 1807 నాటి సంగతి. స్నూకర్ అయితే మన దేశంలోనే పుట్టింది, 1875లో జబల్పూరులో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో. అంటే బయటి ఆట అని తోసెయ్యడానికీ లేదు. 1958లో విల్సన్ జోన్స్ అమెచ్యూర్ బిలియర్డ్స్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఏ ఆటలోనైనా వ్యక్తిగతంగా ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

ఇప్పుడు పెద్దాయన మాటకి వద్దాం. క్లబ్బుల్లో పందేలు జరుగుతాయా? కొన్నిచోట్ల జరుగుతాయి, కాదనం. మా పిల్లలు రాత్రి పదింటికి అక్కడ ఉంటే మేమూ ఊరుకోం. కానీ ఒక్కటి అడుగుతాం, కోపగించుకోవద్దు. మన ఊళ్ళో బ్రాందీ షాపులు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. వాటి కౌంటర్లు ఎవరు చేశారు? అలమరలు ఎవరు చేశారు? మనవాళ్ళే. ఆ కూలి ఇంటికి తెచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మంచం చేసి ఇచ్చాక దాని మీద ఎవరు పడుకుంటున్నారో మనం చూడం. కర్ర దగ్గరకి వచ్చేసరికి మాత్రం నీతి గుర్తొచ్చిందా?

ఇంకో మాట కూడా వచ్చింది. "కాకినాడలో సిఎన్‌సి మెషీన్ గంటలో చేసేస్తుంది, చేత్తో ఎందుకు?" అని. గంటలో ఆ చేప ఆకారం తవ్వుతుంది, నిజమే. మేం మెషీన్‌కి వ్యతిరేకం కాదు, మేం అడిగిందీ మెషీనే కదా. కానీ ఏ చెక్క తీసుకోవాలి, నార ఎటు పోతోంది, వంగుతుందా నిలుస్తుందా అన్నది ఆ మెషీన్ చెప్పదు. అది తెలిసినవాడు మెషీన్ దగ్గరుంటే యజమాని అవుతాడు. తెలియనివాడు చెక్క ఎత్తి పెట్టే కూలీ అవుతాడు. మన పిల్లల్లో సగంమంది ఇప్పుడు యుపివిసి కిటికీలు బిగిస్తున్నారు. స్క్రూలు తిప్పడం తప్ప అందులో నేర్చుకునేది ఏముంది?

ఈ పని మనకి కొత్త కూడా కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నంలో దంతం పొదిగిన కుర్చీలు, బీరువాలు, రాతబల్లలు చేసేవాళ్ళు. చెక్కలో దంతం దింపి, దంతం మీద పువ్వులూ తీగలూ గీసి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. ఈస్టిండియా కంపెనీ దొరలు ఓడలకెక్కించి తీసుకెళ్ళారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. చేసింది కంసాలులని పుస్తకాల్లో రాశారు. అంటే మనవాళ్ళు. కానీ కొన్న దొర పేరు తెలిసినంతగా చేసినవాడి పేరు తెలియదు. చాలా వస్తువులకి అసలు తెలియనే తెలియదు. ఏనుగుల మేలు కోసం దంతం వ్యాపారం ఆగిపోయింది, అది ఆగాల్సిందే. కానీ దంతంతో పాటు పొదిగే పని కూడా పోనవసరం లేదు. ముత్యపుచిప్ప ఉంది, ఇత్తడి ఉంది, కొబ్బరిచిప్ప ఉంది.

అమెరికాలో జార్జ్ బాలబుష్కా అని ఒకాయన ఉండేవాడు. రష్యా నుంచి చిన్నప్పుడు వలస వచ్చి, చెక్క బొమ్మలు, సామాన్లు చేసే పనిలో ఉండి, 1959 నుంచి పూల్ కర్రలు చేశాడు. 1975లో పోయాడు. ఆయన చేసిన కర్రలు ఈనాడు సేకరించేవాళ్ళు వెతుక్కుని మరీ కొంటారు. ఆయన కర్ర అంటే ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయనా వడ్రంగి పనివాడే.

అసలు మా బాధంతా ధర దగ్గర ఉంది. ఈ కర్రని చూడడానికి బయటి ఊరి నుంచి ఒకాయన వచ్చారు. బాగుందన్నారు, ఫొటోలు తీసుకున్నారు, 4,000 ఇస్తానన్నారు. ఆన్‌లైన్‌లో 3,500కి వస్తోంది, నీ మీద అభిమానంతో 500 ఎక్కువ ఇస్తున్నానన్నారు. కుర్రాడు ఇచ్చేద్దామనుకున్నాడు. మేం ఆపాం. లెక్క చూడండి. పాత కర్ర 300, నల్లచెక్క 1,200, చిప్ప 400, ఇత్తడి మూత, జాయింటు, తోలు బిళ్ళ కలిపి 800. మొత్తం 2,700. ద్వారబంధం ముక్క ఊరికే వచ్చింది. పని 23 రోజులు. 4,000లో సామాను పోగా మిగిలేది 1,300. రోజుకి 57 రూపాయలు కూడా పడలేదు. అదే కుర్రాడు కిటికీలు బిగించడానికి వెళ్తే రోజుకి 900 తెస్తాడు. ఆ లెక్కన కూలే 20,700.

20 వేలు పెట్టి ఎవరు కొంటారని అడగొచ్చు. మన ఊళ్ళో కొనరు. బెంగళూరు, హైదరాబాదులో ఆడేవాళ్ళు చేత్తో చేసిన కర్రకి అంతకంటే ఎక్కువే పెడతారు, బయటి దేశం నుంచి తెప్పించుకుంటారు. వాళ్ళకి మనం ఉన్నామని తెలియాలి. పైగా లేత్ ఉంటే 23 రోజులు పట్టదు, పది, పన్నెండు రోజుల్లో అవుతుంది. మొదటి రెండు మూడు నష్టానికే పోతాయి, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాం. అన్నీ అమ్ముడుపోతాయని మేం హామీ ఇవ్వలేం.

సమావేశంలో ఎవరూ గమనించని సంగతి ఇంకోటి ఉంది. ఆ కర్రలో చెక్కపని వడ్రంగిది. కొన దగ్గర ఇత్తడి మూత చేసింది కంచర కుటుంబం. వాళ్ళు ఇప్పుడు స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నారు, ఆ మూత కోసం అటక మీద నుంచి పాత పనిముట్లు దించారు. మొదట్లో బరువు కోసం దిగిన ఇనప స్క్రూ మన వెల్డింగ్ షాపాయన చేశారు, ఆయన తాతది కొలిమి. చిప్ప కోసిన రంపపు దారం, ఇత్తడి తీగ ఒక స్వర్ణకారుడివి. 1963లో బంగారం కంట్రోలు వచ్చినప్పుడు ఆయన తండ్రి చేతిలో పని లేక ఎలా గడిపారో మన పెద్దలకి గుర్తే. తర్వాత షోరూములు వచ్చి మిగిలింది కూడా పట్టుకుపోయాయి. ఆయన ఆ చేపలు కోస్తూ, ఇంత సన్నపని చేసి పదేళ్ళయింది అన్నారు. ఉపన్యాసాల్లో మనం పంచవృత్తులు అంటాం. ఒక వస్తువు మీద ఇన్ని చేతులు కలిసి పనిచేయడం మేం చూసి చాలాకాలమైంది.

డబ్బు సంగతి. విశ్వకర్మ జయంతికి ఊరేగింపు, లైటింగు, భోజనాలు అన్నీ ఉండాలి, మాకూ ఇష్టమే. లైటింగు ఒక్కటి ఈ ఏడాది తగ్గించుకుంటే లేత్‌లో సగం వచ్చేస్తుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పిఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకి పనిముట్ల కోసం 15,000, శిక్షణ రోజులకి రోజుకి 500, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష అప్పు ఉన్నాయి. మనలో ఎంతమంది దరఖాస్తు పెట్టారో కమిటీ దగ్గర లెక్క ఉందా? ఉంటే గ్రూపులో పెట్టండి.

లేత్ వస్తే కర్రలు మాత్రమే చేయమని మేం అనడం లేదు. మంచం కోళ్ళు, మెట్ల కటకటాలు, పిల్లల బొమ్మలు, ఏదైనా తిప్పుకోవచ్చు. గది తాళం ఎవరి దగ్గర ఉండాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, దెబ్బ తగిలితే ఎవరు చూసుకోవాలి, ఇవన్నీ ముందే రాసుకోవాలి. ఈ మూడిట్లో దేని మీద అభ్యంతరం ఉన్నా చెప్పండి, వింటాం. "క్లబ్బు కర్ర" అన్న ఒక్క మాటతో మాత్రం కొట్టెయ్యొద్దు.

ఆ పెద్దాయనంటే మాకు గౌరవమే. మెట్టకూరులో గుడి తలుపులు ఆయన చెక్కినవే, మేం చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశాం. అందుకే ఆయన్నే అడుగుతున్నాం. బాబాయ్ గారూ, వచ్చే ఆదివారం పదింటికి హాల్లో కర్ర బల్ల మీద ఉంటుంది. ఓ కన్ను మూసి చూడండి. నాలుగో చేప దగ్గర సందు ఎందుకొచ్చిందో వాడికి చెప్పండి. వాడు వస్తానన్నాడు.