పుట్టించిన ప్రాసెసునకు లెక్క

భూగర్భ బొగ్గుగనిలోనికి దిగు కార్మికుడు సంఖ్యగల దీపమును గైకొని పోయి, పని ముగిసిన పిదప మరల నప్పగించును. అప్పగింపబడని దీప మున్నచో, ఎవరో యింకను లోపలనే యున్నారని తెలియును. సింగరేణి సీమకు చేరువనున్న మన సత్తుపల్లివారికి ఇది సులభముగా బోధపడును. కంప్యూటరునందును ఇట్టి లెక్కయే కలదు. ప్రోగ్రాములు వ్రాయ నేర్చు విద్యార్థులు దానిని మొదటినుండియే పాటింపవలెనని నా యభిప్రాయము.

1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మున్నగువా రారంభించిన యూనిక్సు పద్ధతిలో, ఒక ప్రోగ్రాము ఫోర్కు అను పిలుపుచే వేఱొక ప్రాసెసును పుట్టించును. అప్పుడు తల్లికి బిడ్డ సంఖ్యయు, బిడ్డకు సున్నయు లభించును. ఆ సంఖ్యయే పి.ఐ.డి. బిడ్డ ముగిసినపుడు తల్లి వెయిట్ అను పిలుపుతో ఫలితమును గైకొనవలెను. లేనిచో బిడ్డ జాంబీ యను పేర పట్టికలో నిలిచిపోవును.

కొందఱు సంఖ్యను దాచుకొనక, పేరునుబట్టి ప్రోగ్రాముల నాపుదురు. ఇది తగదు. ఒకే ఖాతాలో నలుగురు పైథాను ప్రోగ్రాములు నడుపుచుండగా అట్టి యాజ్ఞ యిచ్చినచో, నలుగురి శ్రమయు నొక్క క్షణమున వ్యర్థమగును.

తల్లి ముగిసినచో కంప్యూటరే సర్దుకొనునని మఱికొంద ఱందురు. అనాథయైన బిడ్డను సాధారణముగా ఒకటవ సంఖ్యగల ప్రాసెసు చేరదీయుట నిజమే. కాని యంతమాత్రమున బిడ్డ యాగదు. అడుగువారు లేక నడచుచునే యుండును.

సంఖ్య యొక్కటియే చాలునా? చాలదు. లినక్సునందు సంఖ్యలకు మేర కలదు. పూర్వమునుండి వాడుకలోనున్న మేర 32768. అది దాటినపుడు ఖాళీయైన సంఖ్యలే మరల నీయబడును. నిన్న ఫైలులో వ్రాసిన సంఖ్య నేడు పరులదై యుండవచ్చును. తల్లి ఫలితమును గైకొనువఱకు మాత్రము బిడ్డ సంఖ్య యొరులకు పోదు. కావున ఫలితము గైకొన్న వెంటనే సంఖ్యను కొట్టివేయవలెను. ఫైలులోని పాత సంఖ్యను నమ్మవలసి వచ్చినచో, ఆ ప్రాసెసు ప్రారంభకాలమును గూడ సరిచూడవలెను. 2019లో వెలువడిన లినక్సు 5.3 కూర్పున పి.ఐ.డి.ఎఫ్.డి. ఓపెన్ అను పిలుపు చేరినది. దానిచే లభించు పట్టు ఆ ప్రాసెసునకే చెందును గాని, సంఖ్యను తరువాత పొందినవానికి చెందదు.

కావున ఉపాధ్యాయులు ప్రోగ్రామును పుట్టించు విధముతోపాటు ముగించు విధమును గూడ ఒకే పాఠమున బోధింతురు గాక. తల్లిదండ్రులును “నడచినదా?” యని మాత్రమే గాక, “ముగిసినదా? ఫలితము గైకొంటివా?” యని పిల్లల నడుగుదురు గాక.